ప్రేమ నవలలో నవ్వు ఎవరి మీద?

సాహిత్యం చదువుకునే విద్యార్థులతో మాట్లాడినప్పుడు నాకు తరచు మూడు ప్రశ్నలు ఎదురవుతుంటాయి. సరదాగా సాగిపోయే ప్రేమ నవలలు చదవవచ్చునా? చదివామని నలుగురిలో చెప్పుకోవచ్చునా? బాగున్నాయనిపిస్తే ఇంకొకరికి చదవమని ఇవ్వవచ్చునా? మొదటిదానికి మన అనుమతి ఎవరికీ అక్కర్లేదు. జనం చదువుతూనే ఉన్నారు. రెండోది సిగ్గుకు సంబంధించిన విషయం. మూడోదే అసలు ప్రశ్న. ఒక పుస్తకాన్ని మరొకరి చేతిలో పెట్టి "ఇది చదువు" అనడం విమర్శలో మొదటి మెట్టు. వ్యాసాలు రాయడం, సిద్ధాంతాలు చర్చించడం ఆ తర్వాతి సంగతి. పుస్తకం చేతికివ్వడం తెలియని విమర్శకుడు ఎంత చెప్పినా పాఠకుడికి ఒరిగేది తక్కువ.

ఇటువంటి నవలల గురించి మన విమర్శలో రెండు మాటలు స్థిరపడిపోయాయి. ఒకటి "కాలక్షేపం", రెండోది "పలాయనవాదం". ఈ రెండు మాటలూ అట్ట చూసి కూడా అనవచ్చు, లోపలి పేజీలు తిప్పనక్కరలేదు. మేడ, కారు, పొగరుబోతు నాయకుడు, అతని చేతిలో కరిగిపోయే పేద పిల్ల - ఈ సరుకు మీద మన వాళ్లు చేసిన విమర్శలో నిజం లేదని నేను అనను. కాని ఆ విమర్శ ఏడిపించే ప్రేమ నవలనూ నవ్వించే ప్రేమ నవలనూ ఒకే గంపలో వేసింది. ఈ రెండూ ఒక తీరున పనిచేయవు. ఏడిపించే నవలలో నాయిక సహించినకొద్దీ కథ నడుస్తుంది. నవ్వించే నవలలో ఆమె మాటకు మాట చెప్పాలి. ఎత్తిపొడుపుకు ఎదురు ఎత్తిపొడుపు లేకపోతే హాస్యం పుట్టదు. అంటే ఆ నవల నడిచినంతసేపైనా స్త్రీకీ పురుషుడికీ మాటలో సమానత్వం ఉండక తప్పదు. ఈ సమానత్వం ఎక్కడిదాకా పోతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది చరిత్ర చూస్తేగాని తేలదు.

చూడవలసిన చోట్లు రెండని నా అభిప్రాయం. ఒకటి పద్దెనిమిదో శతాబ్దం చివర, పంతొమ్మిదో శతాబ్దం మొదట ఇంగ్లండు. రెండోది 1960 మొదలు 1990 దాకా మన తెలుగు పట్నాలు. దేశాలు వేరు, కాలాలు వేరు. కాని రెండు చోట్లా ఈ నవల ఒకే రకం కొట్టులో పెరిగింది. అది పుస్తకాలు అద్దెకిచ్చే కొట్టు.

మొదట ఇంగ్లండు సంగతి. అక్కడ కొత్త నవల ధర సామాన్యుడికి అందేది కాదు. 1813లో జేన్ ఆస్టెన్ రాసిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' మూడు సంపుటాలుగా వచ్చినప్పుడు దాని వెల 18 షిల్లింగులు. పొలంలో పనిచేసే కూలీ వారం రోజుల కూలి దానికి చాలేది కాదు. అందువల్ల నవలలు కొనేవాళ్లకన్నా చందా కట్టి అద్దెకు తెచ్చుకునేవాళ్లు ఎక్కువ. మూడు సంపుటాలుగా అచ్చువేయడంలో కొట్టువాడికి ఒక సౌకర్యం కూడా ఉంది: ఒకే నవలను ఒకేసారి ముగ్గురికి తిప్పవచ్చు. లండన్‌లో విలియమ్ లేన్ అనే వ్యాపారి అద్దె గ్రంథాలయమూ నడిపాడు, దానికి కావలసిన నవలలు అచ్చువేసే మినర్వా ప్రెస్సూ నడిపాడు. అతనికి రాసిపెట్టినవాళ్లలో స్త్రీలు ఎక్కువ, తెచ్చుకు చదివినవాళ్లలోనూ స్త్రీలు ఎక్కువ.

స్త్రీలు తమంతట తాము ఎంచుకుని చదవడం మొదలుపెట్టగానే పెద్దమనుషులకు బెంగ పట్టుకుంది. ఈ బెంగ మీద 1775లోనే షెరిడన్ 'ది రైవల్స్' నాటకంలో బాగా నవ్వాడు. అందులో లిడియా అనే అమ్మాయి అద్దె నవలలు తెప్పించుకు చదువుతుంటుంది. పెద్దవాళ్లు వస్తున్నారని తెలియగానే నవలలన్నీ అక్కడా ఇక్కడా దాచేయించి, ఫోర్డైస్ అనే మతాచార్యుడు ఆడపిల్లల కోసం రాసిన నీతి ప్రసంగాల పుస్తకాన్ని బల్లమీద తెరిచి పెట్టమంటుంది. జుత్తు అలంకరించే మనిషి దానిలో చాలా పేజీలు చింపుకుపోయాడని పనిమనిషి చెబుతుంది. ఆ నీతి పుస్తకానికి ఆ ఇంట్లో దొరికిన ఉపయోగం అదీ!

ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో ఫోర్డైస్ మళ్లీ ప్రత్యక్షమవుతాడు. కాలిన్స్ అనే ఫాదరీ బెన్నెట్ గారింటికి చుట్టపుచూపుగా వస్తాడు. సాయంత్రం ఆడపిల్లలకు ఏదైనా చదివి వినిపించమని పుస్తకం ఇస్తారు. అది అద్దె గ్రంథాలయం పుస్తకమని చూడగానే గుర్తుపట్టి, తాను నవలలు ఎన్నడూ చదవనని చెప్పి, ఫోర్డైస్ ప్రసంగాలు అందుకుంటాడు. మూడు పేజీలు పూర్తికాకముందే చిన్నపిల్ల ఒకతె వేరే కబురు ఎత్తుకుని చదువు ఆపించేస్తుంది. చూడటానికి ఇది చిన్న హాస్య ఘట్టం. కాని ఈ కాలిన్స్ ఎవరో గమనించాలి. బెన్నెట్ గారి ఆస్తి ఏడాదికి రెండు వేల పౌండ్ల రాబడి గలది. మగ సంతానానికే చెందాలన్న కట్టడి వల్ల ఆయన పోయిన మరునాడు ఐదుగురు కూతుళ్లనూ వదిలి ఈ కాలిన్స్ పాలవుతుంది. నవలను అసహ్యించుకునే మనిషీ, ఆడపిల్లల ఇల్లు లాక్కోబోయే మనిషీ ఒక్కడే. ఆస్టెన్ ఈ రెంటినీ ఒకే పాత్రలో పెట్టి, దానిమీద పాఠకులను నవ్వించింది.

ఇక కాలిన్స్ పెళ్లి ప్రస్తావన. ఎలిజబెత్‌ను చేసుకుంటానని అడుగుతూ, ఆమె వంతుకు వచ్చేది నాలుగు శాతం వడ్డీ మీది వెయ్యి పౌండ్లేననీ, అందుకు తాను దెప్పిపొడవబోననీ ఉదారంగా హామీ ఇస్తాడు. ఆమె వద్దంటే నమ్మడు. ఆడవాళ్లు మొదట వద్దనడం ఆచారమేనని అతని నమ్మకం. ఆమె తిరస్కారాన్ని నమ్మించడానికే ఆమె చాలా మాటలు ఖర్చుపెట్టవలసి వస్తుంది. ఆడదాని "కాదు" అనే మాటకు విలువ లేని సమాజాన్ని ఇంత సులువుగా, ఇంత నవ్వుతూ చూపించిన ఘట్టం మరొకటి చటుక్కున గుర్తురాదు. ఎలిజబెత్ కాదన్న కాలిన్స్‌ను ఆమె స్నేహితురాలు షార్లట్ చేసుకుంటుంది. ఆమెకు ఇరవై ఏడేళ్లు, ఆస్తి లేదు, అందం లేదు. తలదాచుకోవడానికి ఒక ఇల్లు కావాలి. ఆ కాలంలో పెళ్లి అయిన స్త్రీ ఆస్తి భర్త చేతికి పోయేది. దానిని తనదిగా ఉంచుకునే హక్కు ఆమెకు 1870, 1882 చట్టాలతో గాని రాలేదు. పెళ్లి చేసుకుంటే ఆస్తి పోతుంది, చేసుకోకపోతే నీడ పోతుంది. షార్లట్ లెక్క వేసుకుని నీడను ఎంచుకుంది. నవల ఆమెను నిందించదు. నవ్వించడం మానేసి కాసేపు ఊరుకుంటుంది.

ఈ లెక్కలు రాసిన మనిషి లెక్క కూడా చూడాలి. ఆమె ఈ నవల తొలి రూపాన్ని 1796-97లో రాసింది. 1797లో తండ్రి ఒక ప్రచురణకర్తకు ఉత్తరం రాస్తే, రాతప్రతి చూడనైనా చూడకుండా తిరుగు టపాలో తిప్పి పంపాడు. తర్వాత 'నార్తాంగర్ ఆబీ'గా వచ్చిన నవలను 1803లో పది పౌండ్లకు ఒక ప్రచురణకర్త కొన్నాడు, అచ్చు వేయలేదు. పదమూడేళ్ల తర్వాత, 1816లో, అదే పది పౌండ్లు తిరిగి ఇచ్చి దాన్ని విడిపించుకోవలసి వచ్చింది. అది అచ్చయ్యేసరికి ఆమె బతికి లేదు. 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' హక్కులు 110 పౌండ్లకు అమ్మింది. బతికినంత కాలం నవలల మీద ఆమెకు వచ్చిన మొత్తం ఏడు వందల పౌండ్ల లోపే. ఆమె సృష్టించిన డార్సీకి ఏడాది రాబడి పదివేలు. బతికుండగా ఒక్క పుస్తకం మీదా ఆమె పేరు పడలేదు. మొదటిదాని మీద "ఒక స్త్రీ రాసినది" అని మాత్రమే వేశారు.

చదవమని చెప్పడం అనే విషయానికి వస్తే 'నార్తాంగర్ ఆబీ' దానికి మొదటి పాఠ్యగ్రంథం వంటిది. ఇసబెల్లా అనే పిల్ల కేథరిన్‌కు భయానక నవలల జాబితా ఒకటి ఇస్తుంది. ఆ ఏడు పేర్లూ ఆమెకు ఇంకో స్నేహితురాలు చెప్పినవి. ఒకరు చెప్పగా ఒకరు విని మూడోవారికి అప్పగించే ఈ గొలుసును మన పాఠకులెవరైనా గుర్తుపట్టగలరు. ఇసబెల్లా అన్న థార్ప్ అనే యువకుడు నవలలంటే అసహ్యమంటాడు. చదివితే మిసెస్ రాడ్‌క్లిఫ్ నవలలే చదవాలంటాడు. కేథరిన్ అడిగిన నవల ఆ రాడ్‌క్లిఫ్ రాసిందేనని మాత్రం అతనికి తెలియదు! హెన్రీ టిల్నీ అనే మరో యువకుడు తానూ ఆ నవలలు ఇష్టంగా చదివానని సిగ్గుపడకుండా చెబుతాడు. పుస్తకాల మీద మాట ద్వారానే ఎవడు ఎలాంటివాడో రచయిత్రి తేల్చేసింది. మధ్యలో కథ ఆపి, నవలలు రాసేవాళ్లే తమ నాయికలు నవలలు చదివితే ఈసడించడం ఎంత అన్యాయమో స్వయంగా వాదించింది. తన కుటుంబం నవలలు విరివిగా చదువుతుందనీ అందుకు సిగ్గుపడదనీ 1798 డిసెంబరులో అక్కకు రాసిన ఉత్తరంలోనూ చెప్పింది. ఫానీ బర్నీ నవల 'కమిల్లా' 1796లో చందాదారుల సాయంతో వెలువడినప్పుడు ఆ చందాదారుల పట్టీలో ఆస్టెన్ పేరు ఉంది. రచయిత్రిగా ఆమె పేరు అచ్చులో కనబడకపోయినా పాఠకురాలిగా కనబడింది.

పెద్దల సలహాలు ఆమెకూ తప్పలేదు. 1815 చివర వచ్చిన 'ఎమ్మా'ను యువరాజుకు అంకితం ఇమ్మని సూచించారు; ఇష్టం లేకున్నా ఇచ్చింది. ఆ యువరాజు గ్రంథపాలకుడు క్లార్క్, ఒక రాజవంశం చరిత్ర మీద గంభీరమైన ప్రణయగాథ రాయమని సలహా ఇచ్చాడు. ప్రాణం మీదికి వస్తే తప్ప అటువంటిది కూర్చుని రాయడం తనవల్ల కాదనీ, తనమీదా ఇతరుల మీదా నవ్వుకోకుండా ఉండవలసి వస్తే మొదటి అధ్యాయం ముగియక ముందే తనకు ఉరిపడుతుందనీ 1816 ఏప్రిల్‌లో జవాబు రాసింది. గంభీరమైన వస్తువు తీసుకుంటేనే గొప్ప రచన అవుతుందని నమ్మేవాళ్లు రాజాస్థానంలో ఉన్నా సాహిత్య సంఘాల్లో ఉన్నా ఇచ్చే సలహా ఒకటే.

అభ్యుదయ విమర్శకులకు ఈ రచయిత్రి పరాయిది కాదని కూడా విద్యార్థులు తెలుసుకోవాలి. పెళ్లి వెనుక ఉన్న ఆర్థిక పునాదిని ఆమె ఎంత నిబ్బరంగా బయటపెట్టిందో కవి ఆడెన్ 1930లలోనే ఆశ్చర్యపడుతూ రాశాడు. బ్రిటిష్ మార్క్సిస్టు విమర్శకుడు ఆర్నాల్డ్ కెటిల్ 1951లో వెలువరించిన ఆంగ్ల నవలా పరిచయంలో 'ఎమ్మా'ను ప్రత్యేకంగా చర్చించాడు. వీళ్లు ఆమెను పొగిడి ఊరుకోలేదు, హద్దులూ చూపించారు. నిజంగానే హద్దులున్నాయి. 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో విందుకు ముందు వరసగా వానలు పడితే అమ్మాయిలు బయటికి పోరు. చెప్పులకు తగిలించే పూల అలంకారాలు వేరే ఎవరిచేతనో తెప్పించుకుంటారు. వానలో తడిసి తెచ్చిన ఆ మనిషి ఎవరో నవల చెప్పదు. రెండు వందల ఏళ్ల తర్వాత, 2013లో, జో బేకర్ అనే రచయిత్రి ఆ ఇంటి పనివాళ్ల వైపు నుంచి 'లాంగ్‌బోర్న్' అనే నవల రాసి ఆ ఖాళీని పూరించింది.

నవ్వు విషయంలోనూ ఒక హద్దు ఉంది. మిసెస్ బెన్నెట్ మీద రచయిత్రి కురిపించిన నవ్వు కొంచెం ఎక్కువేనని నా అభిప్రాయం. కూతుళ్ల పెళ్లిళ్ల కోసం ఆమె పడే ఆరాటం మొరటుగా ఉంటుంది గాని, ఇల్లు పోతుందన్న ఆమె భయం అక్షరాలా నిజం. ఆమెను చూసి నవ్వుకుంటూ గ్రంథాలయంలో కూర్చునే భర్త మాత్రం ఒక్క కాసు వెనకేయలేదు. అయితే నవల అతని నవ్వును కూడా పరీక్షకు పెట్టింది. చిన్నకూతురు లిడియా ఒక దగుల్బాజీతో లేచిపోయినప్పుడు ఆ నవ్వు ఎందుకూ పనికిరాలేదు. చివరికి డార్సీ డబ్బు గుమ్మరించి ఆ పెళ్లి జరిపించవలసి వచ్చింది. బాధ్యత లేని నవ్వుకు ఇంటివాళ్లు చెల్లించే వెల ఏమిటో హాస్య నవలే చెప్పడం విశేషం.

ఇక మన సంగతికి వద్దాం. పెళ్లినీ డబ్బునూ కలిపి నవ్వడం మనకు పరాయి దేశం నేర్పిన విద్య కాదు. ఆధునిక తెలుగు సాహిత్యానికి మనం తలమానికంగా చెప్పుకునే 'కన్యాశుల్కం' హాస్య నాటకమే. దాని ఆంగ్ల పీఠికలో గురజాడ విశాఖ జిల్లాలో మూడేళ్లలో జరిగిన 1034 శుల్క వివాహాల లెక్క ఇచ్చాడు. ఏడాది పిల్లలకు సైతం పెళ్లిళ్లు జరిగిన లెక్క అది. ఆ లెక్క చదివినవాడు ఏడవాలి. గురజాడ నవ్వించాడు. ఆ నవ్వు లుబ్ధావధాన్లు మీద, అగ్నిహోత్రావధాన్లు మీద, వాళ్లను అలా తయారుచేసిన ఆచారం మీద. కన్యను అమ్మే తండ్రి నవ్వులపాలు కావడం ఉపన్యాసాలు సాధించలేని పని సాధించింది. దీన్ని నెత్తిన పెట్టుకునే మనం, నవలలో పెళ్లి చుట్టూ నవ్వు కనబడగానే "కాలక్షేపం" అనడం వింతే.

తర్వాతి తరంలో మునిమాణిక్యం నరసింహారావు 'కాంతం కథలు' ఆలుమగల ఎత్తిపొడుపులను సాహిత్యం చేశాయి. కాంతం చదువు తక్కువ మనిషి, మాటలో మాత్రం భర్తకు తీసిపోదు. ముళ్లపూడి వెంకటరమణ 'రాధాగోపాళం' ఆ దారిలోదే. కాని ఈ రెండూ పెళ్లయిన తర్వాతి కథలు. పెళ్లికి ముందు ఇద్దరు ఒకరినొకరు ఎంచుకునే కథ నవ్వుతూ రావాలంటే అమ్మాయి గడప దాటి కాలేజీకో ఆఫీసుకో పోవాలి. 1960ల నాటికి మధ్యతరగతిలో ఆ పరిస్థితి వచ్చింది. 1955 హిందూ వివాహ చట్టం, 1956 వారసత్వ చట్టం, 1961 వరకట్న నిషేధ చట్టం కాగితం మీద ఉన్నాయి. ఇళ్లలో కట్నాలు పెరుగుతూనే ఉన్నాయి. చదువుకున్న పిల్లకు చట్టం ఇచ్చిన హక్కుకూ ఇంట్లో దొరికిన హక్కుకూ ఉన్న ఈ దూరంలోనే మన ప్రేమ నవల మొలిచింది.

దానికి నీరు పోసింది వార, మాస పత్రికలూ, అద్దె పుస్తకాల కొట్లూ. మన గ్రంథాలయోద్యమం ఘనమైనది. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1914లో బెజవాడలో మొదటి గ్రంథాలయ మహాసభ, అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావుల కృషి, 1960లో గ్రంథాలయాల చట్టం - ఈ చరిత్ర మనకు గర్వకారణం. అయితే మగవాళ్లు దినపత్రికలు పరుచుకు కూర్చునే పఠన మందిరంలోకి ఇల్లాలు పోయి కూర్చోవడం చాలా ఊళ్లలో సాగలేదు. ఆమెకు అందుబాటులో ఉన్నది సందు చివరి కొట్టు. కొంత డిపాజిట్టు, రోజుకు కొన్ని పైసలు, చీటీ రాసి పిల్లవాణ్ణి పంపితే చాలు. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి బైండు చేయించినవి కూడా అక్కడ దొరికేవి. ఆ పుస్తకాల చివరి పేజీల మీద పెన్సిలుతో రాసిన అభిప్రాయాలు నేను చాలా చూశాను. ఒకదాని మీద "హీరోకి పొగరు ఎక్కువ, అయినా బాగుంది" అని ఒక చేతిరాత. దాని కింద వేరే చేతిరాతతో "మా ఆయనకూ ఉంది, బాగాలేదు" అని. ఈ రెండో వాక్యం రాసిన పాఠకురాలు పలాయనం చిత్తగించిందని నేను ఒప్పుకోలేను. ఆమె నవలను తన ఇంటి పక్కన పెట్టి కొలిచింది. ఆ కొట్లు ఇప్పుడు దాదాపు మూతపడ్డాయి. ఆ అభిప్రాయాలను మన సాహిత్య చరిత్ర లెక్కలోకి తీసుకోలేదు.

ఆ కొట్లలో బాగా నలిగిన పుస్తకాల్లో యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' ఒకటి. 1960ల నడుమ జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చి, 1976లో సినిమా కూడా అయింది. జయంతి ఉద్యోగం చేసి బతకవలసిన పిల్ల, రాజశేఖరం సంపన్నుడు. మేడా కారూ ఉన్నాయి, నిజమే. ఆ సంపద ఎక్కడినుంచి వచ్చిందో నవల అడగదు. డార్సీ పదివేల గురించి ఆస్టెన్ కూడా అడగలేదు. అయినా ఇక్కడ నెలజీతం మీద బతుకుతూ, ఆత్మాభిమానం తాకట్టు పెట్టని అమ్మాయి ఉంది. ఆ రోజుల్లో మొదటిసారి ఆఫీసు మెట్లెక్కిన ఆడపిల్లలకు ఆమె ఎందుకు నచ్చిందో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అవసరం లేదు.

రంగనాయకమ్మ 'స్వీట్ హోమ్' మరొకటి. విమల, బుచ్చిబాబు అనే దంపతుల చిలిపి తగాదాల నవల అది. 'రామాయణ విషవృక్షం', మార్క్స్ 'కాపిటల్'కు తెలుగు పరిచయం రాసిన రచయిత్రే దీన్నీ రాసింది. ఆమెను గౌరవించే విమర్శకులు కొందరు ఈ నవలను తొలినాళ్ల సరదాగా పక్కకు పెడతారు. నాకు మాత్రం రెంటికీ సంబంధం కనబడుతుంది. భర్త అధికారాన్ని ప్రశ్నించే రచయిత్రి, భర్త అధికారం చెలాయించని ఇల్లు ఎలా ఉంటుందో కూడా చూపించాలి. అటువంటి ఇంట్లో నవ్వు వినబడుతుందని ఆమె చూపించింది.

1978లో నెలకొక నవలతో 'చతుర' మొదలైన తర్వాత ఈ శాఖకు మరింత చోటు దొరికింది. పొత్తూరి విజయలక్ష్మి నవల 'ప్రేమలేఖ'లో ఒక అమ్మాయి ఊహల్లోని మనిషికి సరదాగా రాసిన ఉత్తరం నిజమైన మనిషి చేతిలో పడుతుంది. దాని ఆధారంగా జంధ్యాల 1984లో 'శ్రీవారికి ప్రేమలేఖ' తీశాడు. మల్లాది వెంకటకృష్ణమూర్తి 'చంటబ్బాయ్', 'రెండు రెళ్ళు ఆరు' 1986లోనూ, ఆదివిష్ణు 'సత్యంగారి ఇల్లు' ఆధారంగా 'అహ నా పెళ్ళంట' 1987లోనూ అదే దర్శకుడి చేతిలో సినిమాలయ్యాయి. కట్నం బేరాలు, పెళ్లిచూపుల తతంగం, ఇంటి పెద్ద నియంతృత్వం, పిసినారితనం - ఈ సినిమాలు చూసి జనం పగలబడి నవ్వింది వీటి మీదే. ఆ నవ్వులో విమర్శ ఉంది.

అయితే అంతా ఇలాగే లేదు. మన హాస్య ప్రేమ నవలల్లో, సినిమాల్లో నత్తివాడి మీద, నల్లపిల్ల మీద, లావాటి ఆడమనిషి మీద, వంటమనిషి మీద, తెలంగాణ యాస మీద, ఉత్తరాంధ్ర యాస మీద పుట్టించిన నవ్వు కూడా తక్కువ కాదు. నాయికా నాయకుల ఎత్తిపొడుపుల్లో సమానత్వం, పక్కనున్న బీదవాడి మీద వెక్కిరింపు - రెండూ ఒకే పేజీలో ఉంటాయి. వాటిని విడదీసి చూపించడమే విమర్శకుడి పని.

అందుకే ఒక నవలను ఇంకొకరికి ఇచ్చేముందు నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. నవ్వు ఎవరి మీద పడింది, బలవంతుడి మీదా బలహీనుడి మీదా? నాయిక "కాదు" అన్నప్పుడు ఆ మాటకు కథలో విలువ ఉందా? ఎలిజబెత్ మొదటిసారి కాదన్నందువల్లనే డార్సీ మారవలసి వచ్చింది. వెంటపడి వేధిస్తే ఆడది లొంగుతుందని చెప్పే నవల ఎంత నవ్వించినా నేను ఎవరి చేతిలోనూ పెట్టను. చివరి ప్రశ్న: పెళ్లికి అడ్డువచ్చిన అసలు కారణాన్ని నవల పేరు పెట్టి పిలిచిందా?

ఈ మూడో ప్రశ్న దగ్గర మన నవలలు చాలావరకు తప్పించుకున్నాయి. ఆస్టెన్ లోకంలో పెళ్లికి అడ్డు ఆస్తి, హోదా. లేడీ కేథరిన్ అనే జమీందారిణి స్వయంగా వచ్చి ఆ మాట ఎలిజబెత్ మొహం మీదే అంటుంది, నవ్వులపాలవుతుంది. మన దేశంలో పెళ్లికి పెద్ద అడ్డు కులం. నేను చదివిన మన హాస్య ప్రేమ నవలల్లో అధిక భాగం ప్రేమికులిద్దరినీ ముందే ఒక కులంలో పుట్టించి, ఆ విషయం పైకి అనకుండా కథ నడిపించాయి. అపార్థాలు, మారుపేర్లు, తప్పిపోయిన ఉత్తరాలు అడ్డువస్తాయి, కులం అడ్డురాదు. బయట మాత్రం అదే అడ్డు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులం కాని పిల్లను చేసుకున్న దళిత యువకుణ్ణి ఆసుపత్రి వాకిట్లో, గర్భవతి అయిన భార్య ఎదుటే నరికి చంపారు. ఇంత క్రూరమైన విషయం మీద నవ్వా అని కొందరికి సందేహం రావచ్చు. చావు మీద ఎవరూ నవ్వరు. కాని కూతురి మనసు కన్నా ఇంటి పరువు గొప్పదనుకునే ఆ అహంకారం తనకు తాను చాలా గంభీరమైనదనుకుంటుంది. ఆ గాంభీర్యం మీదే దాని బలం ఆధారపడింది. లుబ్ధావధాన్లు నవ్వులపాలైనట్టు ఆ పరువు కూడా నవ్వులపాలు కావాలి.

అందువల్ల విద్యార్థులకు నేను చెప్పేది ఇదీ. 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' చదవండి, కాలిన్స్ పెళ్లి ప్రస్తావన పైకి చదివి నలుగురికి వినిపించండి, చెప్పుల అలంకారాలు వానలో తెచ్చిన మనిషిని కూడా గుర్తుపెట్టుకోండి. 'స్వీట్ హోమ్' చదివి ఇంట్లో అమ్మకూ నాన్నకూ కూడా ఇవ్వండి. 'ప్రేమలేఖ' చదవండి. ఇచ్చేటప్పుడు ఎందుకు ఇస్తున్నారో, ఎక్కడ మీకు అభ్యంతరం ఉందో ఒక చీటీ మీద రాసి లోపల పెట్టండి. పాతకొట్ల పుస్తకాల చివరి పేజీల్లో పేరు తెలియని పాఠకురాళ్లు చేసింది ఆ పనే. ఇక రచయితలను అడిగేది ఒకటి ఉంది. మాలపల్లె అబ్బాయీ అగ్రకులం అమ్మాయీ మాటకు మాట చెప్పుకుంటూ, ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ, పరువు పేరుతో అడ్డువచ్చిన పెద్దమనుషులను ఊరందరి ముందు నవ్వులపాలు చేసి, చివరికి బతికి బట్టకట్టి కాపురం పెట్టే నవల రాయండి. దాన్ని పదిమంది చేతుల్లో పెట్టే పూచీ విమర్శకులది.